మూసేసిన థియేటర్లో ఒంటి తుమ్ము

మీరు నమ్మినా నమ్మకపోయినా ఇది జరిగింది. మా అమ్మ మీద ఒట్టు. నవ్వాలనుకునేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి... మధ్యలో నవ్వితే ఊరుకోను. అసలే ఒళ్ళు మండిపోతోంది.

శాంటా క్లారా దగ్గర ఒక థీమ్ పార్కులో పాత థియేటర్ ఉంది. ఈ శాంటా క్లారా లోయ చరిత్ర మీద తీసిన సినిమా ఒక్కటే అందులో ఆడేది. పళ్ళతోటలు, పళ్ళు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలు, ఆ తర్వాత కంప్యూటర్లు. చూసేవాళ్ళు లేక మూసేశారు. కూల్చేముందు కొలతల రికార్డు కోసం లోపలంతా స్కాన్ చేసే పని మా కంపెనీకి వచ్చింది. పగలు పార్కు నిండా జనం, అందుకని రాత్రే చేయాలి. నేనూ, మా టీమ్‌లో కిరణూ వెళ్ళాం.

ప్రొజెక్టర్ ఎప్పుడో పీకేశారు. కరెంటు లేదు. మా టార్చిలైట్లే దిక్కు. పని అయిపోయింది. సామాను సర్దుకుని తలుపు దాకా వచ్చాం...

అప్పుడు... తుమ్ము.

ఒక్కటే. గట్టిగా కూడా కాదు.

బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము వినిపిస్తే మనం ఏం చేస్తాం? కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి కదులుతాం. కిరణ్ అదే చేశాడు. వెనక వరసలో కూలబడి బాటిల్ మూత తిప్పాడు. వీడే తుమ్మి వీడే కూర్చున్నాడని నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఇక్కడ కూడా శకునాలేంట్రా? లే!"

కుర్చీ కిర్రుమంది... ఎక్కడో సన్నగా, టకటకా, రీలు తిరుగుతున్న చప్పుడు... తెర మీద వెలుగు.

ఆప్రికాట్ తోట. తెల్లటి పూత రాలుతోంది. చెట్టు కింద ఒకావిడ. ఏప్రన్ అంచుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత... మెల్లిగా... పళ్ళబుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. మా వైపే చూస్తూ... కాస్త ఆగి కదులుదాం అన్నట్టు. అచ్చం మన ఇంట్లో పెద్దవాళ్ళు కూర్చున్నట్టే.

కిరణ్ చేతిలో బాటిల్ జారిపోయింది. ఇద్దరం ఒకటే పరుగు.

ఆ వెలుగు చూసిన గార్డు రిపోర్ట్ చేశాడు. నేను సరదాకి ఏదో సినిమా వేసుకున్నానని మా మేనేజర్ తేల్చేశాడు. లేని ప్రొజెక్టర్‌తో ఎలా వేశానట? ఈ ఉద్యోగం పోతే నా వీసా పోతుంది. సాక్షి కిరణ్ ఒక్కడే. వాడు ఏం చూడలేదని చెప్పేశాడు. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉందట, పాపం!

నిన్న పార్కింగ్ లాట్‌లో పట్టుకుని కడిగేశాను.

"ఏం చూడనివాడివి ఎందుకు పరిగెత్తావురా?"

"ప్లీజ్ అక్కా... నా కేస్ స్టక్ అయితే?"

"నా వీసా నీకు పట్టదా? తుమ్మి కూర్చుంది నువ్వు. లేవమన్నది నేను. అదైనా చెప్పి చావు!"

వాడు తలెత్తాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నేను తుమ్మలేదక్కా... నువ్వు తుమ్మావనే కదా కూర్చున్నా."

నేను... తుమ్మలేదు.

వాడు కారెక్కి వెళ్ళిపోయాడు, పిరికి వెధవ. దయ్యమో, భ్రమో నాకిప్పటికీ తెలియదు. ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ మా కోసం ఆగి కూర్చుంది. రోజూ నా పక్క సీట్లో పనిచేసేవాడు మాత్రం ఆగలేదు.

రేపు మేనేజర్ రమ్మన్నాడు. ఒక్కదాన్నే వెళ్తాను. ఇంట్లోంచి కదిలేటప్పుడు ఆ తుమ్ము మళ్ళీ వినిపిస్తే... కూర్చోవాలో, పరిగెత్తాలో తెలియడం లేదు.