చెవి మేస్త్రీ చెవులు

బొగ్గుతో కరెంటు తీసే ఆ ఫ్యాక్టరీలో ముప్పయ్యొక్క ఏళ్లుగా అతన్ని అందరూ చెవి మేస్త్రీ అనే పిలిచారు. మూరెడు ఇనప కడ్డీ ఒక కొసని యంత్రానికి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, "ఈ బేరింగు రేపటికి పోతుంది" అనేవాడు. రేపటికి పోయేది. అంతే. పెద్ద పెద్ద డిగ్రీలవాళ్లు నోరు మూసుకునేవాళ్లు.

ఆరేళ్ల కిందట ఆ చెవులు పోయాయి. టర్బైను హోరు చెదపురుగులా లోపల్నించి తినేసింది. ఆ సంగతి ఒక్కడూ కనిపెట్టలేదు. ఆ హాల్లో పిడుగు పడినా వినపడదు గనక, అందరూ ఎదురెదురుగా నిలబడి సైగలతోనే మాట్లాడుకునేవాళ్లు. రెండు వేళ్లు చూపితే రెండో పంపు. పొట్ట తడిమితే క్యాంటీను. బొటనవేలు కిందికి దించితే ఆపెయ్యమని. చెవిటివాడికి అంతకన్నా అనువైన చోటు ఎక్కడుంటుంది? కడ్డీని మాత్రం చెవి దగ్గర్నించి పళ్ల మధ్యకి మార్చాడు. వణుకు దవడ ఎముకకి తెలిసేది. "ముసలాడి తెలివి పళ్లలోకి దిగింది" అని తోటివాళ్లు నవ్వుకున్నారు.

తర్వాత ఫ్యాక్టరీ మూసేశారు. బూడిద గుట్టలు చదును చేసి, వాటి మీద సోలార్ పలకలు పరిచారు. మంచిపనే, కాదనడానికి లేదు. తీగ మీద ఆరేసిన బట్టలు నల్లబడటం మానేశాయి. పక్కింటి పసిదాని దగ్గు తగ్గింది. కానీ పాతవాళ్లలో పన్నెండుమందికే కొత్త పని. మిగతావాళ్లు క్వార్టర్లు ఖాళీ చెయ్యాలి. ఆ పన్నెండుమందిలో మేస్త్రీ ఒకడు. అందరూ డాక్టరు పరీక్షలు గట్టెక్కాలి, వాటిలో చెవుల పరీక్షా ఉంది.

"ఉన్నమాట చెప్పెయ్యరాదూ?" అంది పెళ్లాం, అతని మొహానికి ఎదురుగా వచ్చి. ఇంట్లో ఆవిడ ఎప్పుడూ అలాగే మాట్లాడేది. ఈ రహస్యం తెలిసింది ఆవిడొక్కత్తెకే.

"చెవి మేస్త్రీకి చెవుల్లేవని చెప్పనా? పగలబడి నవ్వుతారే."

"నవ్వితే నీకెలాగూ వినపడదుగా!"

ఇద్దరూ నవ్వారు. ముందు ఆవిడే ఆపేసి, గోడల వంక చూసింది. పిల్లలు పుట్టిందీ పెరిగిందీ ఆ రెండు గదుల్లోనే.

పరీక్షరోజు చెవులకి డిప్పలు తగిలించి, శబ్దం వినపడితే వేలెత్తమన్నారు. మీట నొక్కే నర్సు గాజు పలక అవతల కూర్చుంది. నొక్కినప్పుడల్లా ఆమె భుజం కాస్త కదిలేది. భుజం కదిలినప్పుడల్లా అతను వేలెత్తాడు. పాసయ్యాడు.

కొత్తచోట హోరు లేదు. అదే అతని ప్రాణానికి వచ్చింది. ఇక్కడ జనం నడుస్తూ, వంగి పని చేస్తూ, వీపు వెనకనుంచి మాట్లాడతారు. పలకరిస్తే పలకడని "మేస్త్రీకి పొగరెక్కింది" అన్నారు. చనువుగా ఉన్నది ఇంజనీరమ్మ ఒక్కతే. అతని కూతురి ఈడుది. టీ వేళ ఎదురుగా కూర్చుని పాత హాలు సైగలన్నీ సరదాపడి నేర్చుకుంది.

ఆ వారంలోనే, ఎండ నడినెత్తికొచ్చిన వేళ, అతను వరస చివర పలకలు తుడుస్తున్నాడు. వెనక కరెంటు పెట్టె నుంచి పొగ లేచింది. అలారం మోగింది. అందరూ పరిగెత్తారు. అతను తుడుస్తూనే ఉన్నాడు. ఇంజనీరమ్మ అరిచి అరిచి, చివరికి ఉరికొచ్చి, చొక్కా పట్టి లాగింది. ఇద్దరూ పడ్డారు. పెట్టె భగ్గుమంది. అతనికి వెంట్రుక కూడా కాలలేదు. ఆమె కుడిచెయ్యి కాలింది.

మర్నాడు చేతికి కట్టుతో వచ్చింది. "ఎన్నిసార్లు పిలిచాను బాబాయ్!" అంది. అతను ఆమె పెదాల వంక చూశాడు. ఆమె అతని వెనక్కి వెళ్లి నిలబడి పిలిచింది. అతను తిరగలేదు. కాసేపటికి ముందుకొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎప్పట్నించి?"

అతను ఆరు వేళ్లు చూపాడు.

"నేను రాసి పంపక తప్పదు బాబాయ్. ఈసారి ఎవరైనా చచ్చిపోతారు."

అది అతనికి పూర్తిగా అందలేదు. మాట మధ్యలో ఆమె తల దించేసుకుంది. మళ్లీ చెప్పడానికి నోరు రాలేదు కాబోలు, కట్టున్న చెయ్యే ఎత్తి బొటనవేలు కిందికి దించింది. కట్టు అడ్డొచ్చి వేలు పక్కకి వాలింది.

అతను ఆ చేతిని నొప్పి తగలకుండా పట్టుకుని, వేలు తిన్నగా నేలవైపు తిప్పాడు.

"ఇలా పెట్టాలమ్మా. లేకపోతే అవతలివాడికి అర్థం కాదు."

తుడిచే గుడ్డ మడిచి ఆమెకి ఇచ్చేసి, గేటు వైపు నడిచాడు.