పిడి కింద చెరిపిన పేరు

పదకొండేళ్లుగా ఒక చిన్న గుర్తు నా గుండెల మీద కూర్చుని ఉంది. మూడు చుక్కలు, వాటి పక్కన ఒక 'వీ'. అంతే. దాన్ని చెరిపింది నేనే. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

నందిగామ కోర్టులో ప్లీడరుని. జపాన్ పద్ధతి కత్తులంటే నాకు పిచ్చి. పాతవి కొనే తాహతు లేదు గనుక ఈ కాలంలో చేసినవే సేకరిస్తాను. ముందు గదిలో ఐదున్నాయి. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి... సరే, గొప్పలే. ఒరలోంచి కత్తిని నాలా తీయగలిగేవాడు ఈ చుట్టుపక్కల లేడు. నాలుగు బయటి నుంచి తెప్పించుకున్నాను. ఐదోది జగ్గయ్యపేట కమ్మరి వీరాచారిగారు చేసింది.

ఆయన కొడవళ్లు చేసే మనిషి. రైతులు ఆయన గుర్తు చూసి మరీ కొనేవారు. నేను ఫోన్లో వీడియోలు చూపిస్తే, పాత లారీ కమాను కట్ట ఒకటి తీసుకుని కొలిమిలో పెట్టారు. కాల్చి నీళ్లలో ముంచేముందు ప్రత్యేకమైన మట్టి పూయాలట అన్నాను. ముక్త్యాల దారిలో పుట్టమన్ను తవ్వి తెచ్చి, బొగ్గుపొడి కలిపి పూశారు. రెండు పగిలాయి. మూడోది నిలిచింది, అంచు వెంట తెల్లటి అలలాంటి గీతతో. అబ్బ, ఆ అల! ఇద్దరం చిన్నపిల్లల్లా గంతులేశాం.

జపాన్‌లో కమ్మరి తన పేరును పిడిలోకి దూరే తోక మీద చెక్కుతాడని చెప్పింది నేనే. ఆయన సంబరంగా తన గుర్తు కొట్టుకున్నారు.

విజయవాడలో మా సేకరణదారులం కలుసుకునే ముందు రోజు, ఆకురాయి పట్టి ఆ గుర్తును అరగదీశాను. ఎవరైనా పిడి విప్పి చూస్తారని భయం. పేటలో చేసిందంటే తగ్గేది కత్తి విలువా, నా విలువా?

అక్కడ ఒక పెద్దాయన ఆ అలను చూసి, "ఈ గీత అక్కడి మట్టికి తప్ప రాదండీ. జపాన్‌దే కదా?" అన్నారు. కత్తి తుడిచేటప్పుడు తుంపర పడకుండా నోట్లో కాగితం కరిచిపట్టుకుంటాం. అప్పుడు నా నోట్లో కాగితం ఉంది. తలూపాను. కాగితం తీశాక చెప్పొచ్చుగా? చెప్పలేదు, పైగా మీసం దువ్వుకున్నాను.

మర్నాడు పేట వెళితే, చారిగారు కొలిమి దగ్గర నుంచి లేచొచ్చారు.

"ఏవన్నారు ప్లీడరుగారూ? నా గుర్తు చూసారా?"

"చూసారు చారిగారూ."

"పిడి ఇప్పి మరీ చూసారా అండి?"

"విప్పి మరీ చూసారు. అందరూ మెచ్చుకున్నారు."

"ఇంకేం కావాలండి!" అని తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు.

రెండేళ్ల తర్వాత ఆయన పోయారు, నా అబద్ధాన్ని నమ్మే పోయారు. నమ్మి సంతోషపడ్డారు కదా అని సర్దుకోబోతాను, మళ్లీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఇంకొకరి చేత ఆ గుర్తు కొట్టించవచ్చు. కానీ అది ఆయన చెయ్యి కాదుగా?

మొన్న కత్తి తుడుస్తుంటే ఒక క్లయింటు వచ్చి, "జపాన్‌దాండీ?" అన్నాడు. నోట్లోంచి కాగితం తీసేశాను. తుంపర పడితే పడింది.

"కాదు. మన జగ్గయ్యపేటది. వీరాచారిగారు చేసారు."

అతను "ఓహో" అని తన వాయిదా సంగతి ఎత్తాడు. గుండె కొంచెం తేలికపడింది. ఆయన పేరు చెప్పగలిగాను, చెరిపిన సంగతి మాత్రం ఇప్పుడు మీకే చెప్పాను. పిడి కింద ఇంకా నున్నగానే ఉంది.