అక్క కట్టిచ్చిన పచ్చడి, బావగారు తెచ్చిన సీసా

మొన్న ఆదివారం మా మనవరాలు బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. తనూ భర్తా వచ్చే నెలలో అక్కడికి దగ్గర్లో ఒక కుటుంబం నడుపుకుంటున్న చిన్న వైన్ తోటకు రుచి చూడడానికి వెళ్తున్నారట. ప్రయాణాల ఏర్పాట్లలో తాతయ్యను మించినవాళ్లు లేరని మా ఇంట్లో ఒక పేరుంది గనక, ఆ రోజు ఎన్నింటికి బయలుదేరాలో, ఎక్కడ భోంచేయాలో నన్నే ఆలోచించి పెట్టమంది. తోటవాళ్లు పంపిన సూచనలు కూడా చదివి వినిపించింది. సెంటు పూసుకుని రాకూడదట. ఖాళీ కడుపుతో రాకూడదట. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ పూట కారం ముట్టకూడదట. ఆ మాట వినగానే నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నానో పాపం ఆ పిల్లకు అర్థం కాలేదు.

అటువంటి తోటకు నేను పాతికేళ్ల కిందటే వెళ్లొచ్చాను. తీసుకెళ్లింది మా బావగారు, అంటే మా పెద్దక్క భర్త.

వాళ్లది దర్శి దగ్గర పల్లె. నేనప్పుడు గుంటూరులో ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికితే అక్క ఇంటికి వెళ్తుండేవాణ్ణి. ఆ ఏడు మిరపకు తెగులు తగిలి ఆకులన్నీ ముడుచుకుపోయాయి, దక్కిన కాయకు మిర్చి యార్డులో ధర లేదు. విసిగిపోయిన బావగారికి ఎవరో ద్రాక్ష సంగతి చెప్పారు. బెంగళూరు అవతల కొన్ని కుటుంబాలు ద్రాక్ష వేసి, ఇంటి దగ్గరే వైన్ చేసి అమ్ముకుంటున్నాయనీ, మన బోరు నీళ్లకు ఆ పంట చక్కగా వస్తుందనీ. అంతే, ఆయన మనసు అటు తిరిగిపోయింది. ఉన్న నాలుగెకరాల మిరప తోటా తీసేసి పందిళ్లు వేయిస్తానన్నారు.

అక్కకు ఆ తోట అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. మా వైపు కొన్ని ఇళ్లలో ఆడపిల్ల కాపురానికి వెళ్లేటప్పుడు పసుపు కుంకుమలతో పాటు పుట్టింటి మిరప విత్తనం గుడ్డలో మూటగట్టి ఇచ్చేవారు. మా అమ్మ అలాగే ఇచ్చింది. అక్క ఏటా చేనంతా తిరిగి, నదురైన చెట్లకు తనే గుర్తు కట్టి, వాటి పండ్లు విడిగా ఎండబెట్టి, గింజలు బూడిదలో కలిపి కుండలో దాచేది. కోతలకు వచ్చే ఆడవాళ్లు కూడా ఆ చెట్ల జోలికి వెళ్లేవారు కాదు. రెండు మూడేళ్లు ఆ విత్తనం మట్టిలో పడకపోతే ఇక అది లేనట్టే. ద్రాక్ష వేస్తే జరిగేది అదే.

అయినా అక్క ఏడవలేదు, పోట్లాడలేదు. అన్నం వడ్డిస్తూ ఒక్క మాటంది.

"మీరు ఎల్లి తాగి చూసి రండి. మీ నోటికి బాగుంటేనే వెయ్యండి. బాగోకపోతే మిరపే. నా తమ్ముడి ముందు మాటివ్వండి."

బావగారు మాటిచ్చారు. చుట్ట తప్ప మరో అలవాటు లేని మనిషి, ఒక పంట తలరాత తన నాలుక మీద పెట్టుకుని బయలుదేరారు.

ఏర్పాట్లన్నీ నావే. డైరీలో ఒక పేజీ నిండా రాశాను. ఒంగోలులో బస్సు, బెంగళూరులో దిగడం, అక్కణ్ణుంచి పల్లె బస్సు, ఖాళీ కడుపున వైన్ తాగితే తల తిరుగుతుందేమోనని తోట గేటు దగ్గర భోజనం. ఆ భోజనం అక్క కట్టిచ్చింది. పెరుగన్నం, దానిలోకి గోంగూర కలిపి నూరిన పండుమిరప పచ్చడి. ఆ పచ్చడి సంగతి నాకు చిన్నప్పుడే తెలుసు. చేదు మందు మింగనని నేను మొండికేస్తే అక్క ఆ పచ్చడి ముద్ద ఒకటి నోట్లో పెట్టి, మంట తగ్గేలోగా మందు పోసేసేది. ఏం తాగానో నాకే తెలిసేది కాదు. అంత తెలిసీ, గేటు పక్కన చింతచెట్టు నీడలో కూర్చుని డబ్బా ఖాళీ చేశాం. ప్రయాణంలో చప్పిడి తిండి తిని తిని కారానికి మొహం వాచిపోయి ఉన్నాం మరి.

తోట ఇంటాయనది ఆంధ్రా సరిహద్దు ఊరు కావడంతో మాతో తెలుగే మాట్లాడాడు. ఆయనా, భార్యా, కోడలూ వరసగా నిలబడి, మొదటి గ్లాసు పోసి బావగారి మొహంలోకి చూశారు. బావగారు ఒక గుక్క తాగి, నోట్లో అటూ ఇటూ తిప్పి, నా వైపు తిరిగారు.

"ఏందిరా బామ్మర్దీ ఇది, బోరు నీళ్లకి రంగేశారా?"

రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఇంటాయన మొహం చిన్నబోయింది. ఆయన భార్య మాత్రం దగ్గరికొచ్చి వాసన చూసి, ఏం తిన్నారని అడిగింది. నేను డబ్బా చూపించాను. అడుగున మిగిలిన పచ్చడిని ఆమె వేలితో నాకి, కళ్లనీళ్లు పెట్టుకుని పడీపడీ నవ్వింది. తర్వాత మాకు మజ్జిగిచ్చి, తోటంతా చూసి సాయంత్రం రండి, అప్పటికి మీ నాలుకలు తిరిగొస్తాయి అంది.

సాయంత్రం మళ్లీ పోశారు. ఈసారి బావగారు మెల్లగా తాగారు, గ్లాసు వెలుగుకెత్తి చూశారు, మళ్లీ తాగారు. వచ్చేటప్పుడు ఒక సీసా కొని కండువాలో చుట్టి సంచి అడుగున పెట్టుకున్నారు. బస్సెక్కాక నా చెవి దగ్గరికి వంగారు.

"బాగుందిరా. శానా బాగుంది. మీ అక్కకి చెప్పమాక."

మరి ద్రాక్ష వేయరా అన్నాను.

"మీ అక్క పొద్దున్నే చేలోకెళ్లి మిరప చెట్లతో మాట్లాడుద్ది. ఎప్పుడన్నా యిన్నావా? ద్రాక్ష తీగలతో ఏం మాట్లాడుద్దిరా."

ఇంటికెళ్లి, పుల్లటి నీళ్లు, మనకి పనికిరావు అని చెప్పేశారు. అక్క తలూపి, నారు పోసే పనిలో పడిపోయింది. బావగారు పోయేదాకా ఆ చేలో మిరపే పండింది. ఆ సీసా ఏమైందో నేనూ అడగలేదు.

ఇప్పుడు అక్క గుంటూరులోనే, మా వీధి చివర కొడుకు దగ్గర ఉంటోంది. ఫోన్ పెట్టేసి నేరుగా అక్కడికే వెళ్లి, కారం తినకూడదన్న సూచన సంగతి చెప్పాను. అక్క పళ్లులేని నోటితో నవ్వింది.

"నాకప్పుడే తెలుసురా. నీకు మందు పట్టించిన చేతులు గదరా ఇయ్యి. అందుకే గోంగూర కాస్త, మిరప్పండ్లు రెట్టింపూ ఏసి నూరా."

ఇన్నేళ్ల తర్వాత ఇంకా దాచడమెందుకని, బస్సులో బావగారన్న మాట నేనూ చెప్పేశాను. అక్క ఆశ్చర్యపోలేదు. చీర చెంగు సర్దుకుంటూ నెమ్మదిగా అంది.

"పుల్లటి నీళ్లయితే సీసా కొనుక్కొస్తారా మీ బావ? గడ్డివాములో దాచుకుని, కాస్త కాస్తే తాగారు పాపం. నేను చూడనట్టే ఉన్నా."

లేచి లోపలికి వెళ్లి, బావగారు ఆనాడు కొన్న నల్లటి సీసానే, గుడ్డ బిరడా పెట్టి ఉన్నదాన్ని, తెచ్చి నా చేతిలో పెట్టింది. కదిలిస్తే గలగలమంది. అడుగున బూడిద, పైన మిరప గింజలు.

మనవరాలికి ఆ సాయంత్రమే కార్యక్రమం చెప్పాను. ముందు చప్పిడి భోజనం, తర్వాత తోట, పచ్చడి ఇంటికొచ్చాకే అని. వాళ్లిద్దరూ ఏ వైన్ నచ్చిందో అక్కడికక్కడే ఒకరికొకరు చెప్పేసుకుంటారు, అదీ మంచిదే. మా అక్క చేను మాత్రం ఇప్పుడు కౌలుకిచ్చారు. కౌలుదారు ఏటా దుకాణంలో ప్యాకెట్ విత్తనం కొంటాడు, చెట్లకు ఎవరూ గుర్తు కట్టరు. అక్క సీసాలో గింజలు ఇంకా మొలుస్తాయో లేదో తెలియదు. అయినా ప్రతి ఎండాకాలం వాటిని డాబా మీద ఒకసారి ఆరబోసి, మళ్లీ అదే సీసాలో పోసుకుంటోంది.