గుమాస్తా గారి దేశాలు

లోకంలో ఒక్కో దేశానికి ఒక్కటే పేరుంటే నా ఆయుష్షులో రెండేళ్లు నాకు మిగిలేవి. అలా ఉండదు. హాలండ్ అంటారు, నెదర్లాండ్స్ అంటారు, రెండూ ఒకటే. కొరియా అంటారు, అవి రెండు. యూకే అని అందరూ అంటారు గానీ దేశాల అంతర్జాతీయ ప్రామాణిక లిస్టులో ఆ దేశం కోడ్ జీబీ. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆ లిస్టు తయారుచేసినవాళ్ల మీద నాకింకా కోపం తగ్గలేదు. నా మీద అంతకంటే ఎక్కువ ఉంది, అది తర్వాత చెబుతాను.

గుంటూరులో నేను చిన్న చిన్న సాఫ్ట్‌వేర్ పనులు చేసుకుంటాను. ఆఫీసంటే మేడ మీద ఒక గది. అందులో ఒక ఏసీ, అది అవసరమైన నెలల్లోనే పనిచేయదు. మిరపకాయలు ఎగుమతి చేసే ఒక షావుకారు గారు పిలిపించి తన ఆఫీసుకి ఒక ప్రోగ్రాం కావాలన్నారు. కొనేవాళ్ల పేరు, సరుకు రకం, బస్తాలు, వెళ్లే దేశం కొడితే చాలు, ఎగుమతి కాగితాలన్నీ వాటంతటవే తయారై రావాలి. దేశం పేరు పక్కన దాని రెండక్షరాల కోడ్ కూడా అదే వేసుకోవాలి. పోర్టువాళ్లూ బ్యాంకువాళ్లూ చూసేది ఆ రెండక్షరాలనే.

అప్పటిదాకా ఆ కాగితాలన్నీ ఒక్క మనిషి చేసేవారు. ఆ ఆఫీసు గుమాస్తా గారు. అక్కడే ముప్ఫై ఏళ్లు పనిచేశారు. శుక్రవారం నమాజుకి వెళ్లేలోపు ఆ రోజు పని మొత్తం ముగించి వెళ్లే మనిషి. నేను ఆయన్ని బాబాయి గారూ అనేదాన్ని. మొదటిరోజు ఆయన తన కుర్చీలో కూర్చుని ఉండగానే, షావుకారు గారు ఆ కుర్చీ వైపు చెయ్యి చూపించి నాతో అన్నారు.

"ఇది తప్పుల్లేకుండా ఒక్క నెల నడిచిందనుకోమ్మా, ఇక ఈ సీటు అక్కర్లేదు మనకి."

గుమాస్తా గారు కాగితాల మీంచి తలెత్తలేదు. చేతిలో కాగితం పూర్తిచేసి నన్ను, "టీ తాగుతావా అమ్మా?" అని అడిగారు.

పని సులువే అనుకున్నాను. ప్రామాణిక లిస్టు నెట్‌లో ఉంటుంది. తెచ్చి పెట్టాను. పేరు కొడితే కోడ్ వస్తుంది, కోడ్ కొడితే పేరు వస్తుంది. పేరు లిస్టులో లేకపోతే ఎర్రగా మారి అక్కడే ఆగిపోతుంది. మర్నాటినుంచి ఫోన్లు మొదలయ్యాయి.

"అమ్మా, సిలోను తీసుకోవట్లేదు."

"శ్రీలంక అని కొట్టండి బాబాయి గారూ."

"ఆ కొనే పార్టీ వాళ్ల లెటర్‌హెడ్ మీద సిలోను అనే ఉంది గదా. పోనీ అని ఎస్‌ఎల్ కొట్టా. సియెర్రా లియోన్ అంటోంది. అదెక్కడ?"

"ఆఫ్రికాలో అండి. శ్రీలంక అంటే ఎల్‌కే."

"ఆఫ్రికాలో మనకెవరూ లేరే."

మర్నాడు చైనా. ఆయన సీహెచ్ కొట్టారు, స్విట్జర్లాండ్ వచ్చింది. "మన తేజ రకం మిరప కారం వాళ్లు తట్టుకుంటారా అమ్మా?" అని అడిగారు. వెక్కిరించారో, నిజంగానే అడిగారో నాకు తెలియలేదు. ఆ మర్నాడు దుబాయ్. అది దేశం కాదు, ఊరు అని చెప్పాను. "మాకు దేశమే అమ్మా. ముప్ఫై ఏళ్లనుంచి అలాగే రాస్తున్నాం, సరుకు అలాగే పోతోంది" అన్నారు. ఆ వెనకే హాలండ్, ఆ వెనకే యూకే. నేను అన్నం కలుపుకుంటుంటే ఫోను, బండి మీద ఉంటే ఫోను. ఎవరైనా దేశం పేరెత్తితే చాలు, ఒళ్లు మండేది.

నాలుగో వారానికి నాకు ఒక అనుమానం వచ్చింది. వచ్చిందేమిటి, నేనే పిలిచి పీటేసి కూర్చోబెట్టాను. ఈయనకి సీటు పోతుందని భయం. అందుకే కావాలని లిస్టులో లేని పేర్లు వెతికి వెతికి కొడుతున్నాడు. తప్పులు వస్తున్నంత కాలం ఆ కుర్చీ ఆయనదే. ఇంత చిన్న విషయం ఇన్నాళ్లు నాకెందుకు తట్టలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ అనుమానం బుర్రలో ఉండగానే మళ్లీ ఫోన్ వచ్చింది. మాట జారాను.

"బాబాయి గారూ, ప్రపంచంలో ఉన్న దేశాలన్నీ నా లిస్టులో ఉన్నాయండి. మీరు రాసేవే లేవు. మీరు పేర్లు మార్చుకోవాలి గానీ నన్ను రోజూ ఇలా విసిగిస్తే ఎలా?"

"సరేనమ్మా" అని పెట్టేశారు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టుంది నా వాలకం. అయినా మళ్లీ ఫోన్ రాకుండా ఆ సాయంత్రమే ప్రోగ్రాంలో ఒక మార్పు చేశాను. కొట్టిన పేరు లిస్టులో అచ్చంగా లేకపోతే, ఆ అక్షరాలతో మొదలయ్యే మొదటి దేశాన్ని తీసేసుకో. అదీ దొరక్కపోతే కోడ్ ఖాళీగా వదిలి ముందుకు పో. ఎక్కడా ఆగొద్దు. ప్రింటు తీసేముందు కావాలంటే కోడ్ మార్చుకోవడానికి చిన్న గడి ఒకటి పెట్టాను. ఆ గడిలో మార్చింది ఆ ఒక్క కాగితానికే పనికొస్తుంది. లిస్టులోకి ఎక్కదు, నాకు కనపడదు.

ఫోన్లు ఆగిపోయాయి. ఒక వారం, రెండు వారాలు, నెల. ఇక అనుమానం నిజమే అనుకున్నాను. గట్టిగా ఒక్క మాట అంటే వేషాలు మానేశాడనుకున్నాను. మనసులో ఏకవచనమే అనుకున్నాను, దాచడం ఎందుకు.

నెల నిండాక షావుకారు గారు నన్ను రమ్మన్నారు. మిర్చి యార్డు దారంతా టిక్కీలు, అంటే మిరప బస్తాలు, మోసే లారీలు, ఘాటు. తుమ్ముకుంటూ, కళ్లు తుడుచుకుంటూ వెళ్లాను. ఆయన ముందు గుమాస్తా గారిని అడిగారు.

"ఏమయ్యా, తప్పులేమైనా పోతున్నాయా?"

"పోవట్లేదండి."

నా వైపు తిరిగారు. "నువ్వేమంటావమ్మా?"

"నెలయింది సార్, ఒక్క కంప్లయింటు లేదు" అన్నాను. గొప్పగానే అన్నాను. గుమాస్తా గారు నన్నొకసారి చూసి మళ్లీ పనిలో పడ్డారు. నెలాఖరుకి ఆయన సీటు ఖాళీ అయింది.

తర్వాత కాగితాలు షావుకారు గారే కూర్చుని కొట్టడం మొదలుపెట్టారు. పది రోజులు తిరక్కుండా ఫోన్.

"అమ్మాయ్, మన మిరపకాయలు ఉత్తర కొరియాకి ఎందుకు పంపిస్తున్నావు?"

నేను ఏదో అనబోయాను, వినలేదు. బ్యాంకువాళ్లు కాగితాలు ఆపేశారట. ఆ దేశంతో వ్యాపారం కుదరదట. మేనేజరు తనని దొంగని చూసినట్టు చూశాడట. కంటైనరు పోర్టులో కూర్చుంది, ఓడ వెళ్లిపోయింది. అన్నీ అయ్యాక, "ఆయనున్నప్పుడు ఒక్కటంటే ఒక్కటి ఇలా రాలేదే!" అన్నారు.

తప్పెక్కడుందో నాకు వెంటనే తెలిసిపోయింది. లిస్టులో రెండు దేశాల పేర్లూ కొరియా అనే మొదలై పక్కపక్కనే ఉంటాయి. అక్షర క్రమంలో ఉత్తరం ముందు, కోడ్ కేపీ. దక్షిణం దాని కింద, కోడ్ కేఆర్. ఊరికే కొరియా అని కొడితే నేను రాసిన తెలివైన నియమం మొదటిదాన్ని పట్టుకుంటుంది. ఇది తెలుస్తోంది. తెలియనిదల్లా, ఈ కొరియా పార్టీకి అంతకుముందు కూడా సరుకు పోయింది కదా, మరి అప్పుడెలా పోయింది?

ఆఫీసుకి వెళ్లి పాత కాగితాల ఫైలు తీశాను. అందులో ప్రతి కాగితానికీ రెండు ప్రతులున్నాయి. మొదటిది నా ప్రోగ్రాం ఇచ్చింది. రెండోది నిజంగా పోర్టుకి వెళ్లినదాని నకలు. మొదటి ప్రతి మీద కేపీ కొట్టేసి, పైన నీలం పెన్నుతో కేఆర్ అని చిన్న అక్షరాలతో రాసి ఉంది. పేజీ తిప్పాను. కోడ్ ఖాళీగా ఉన్నచోట, పక్కన సిలోను అని ఉన్నచోట, ఎల్‌కే. దుబాయ్ దగ్గర ఏఈ. హాలండ్ దగ్గర ఎన్‌ఎల్. నేను విసుక్కున్న రోజు మర్నాటినుంచి, ఆయన సీటు ఖాళీ చేసిన రోజు వరకు, నీలం పెన్ను పడని రోజు లేదు. ముందు కాగితం తీసి, తప్పు దిద్దుకుని, దిద్దింది చూసి ఆ గడిలో కొట్టి, మళ్లీ తీసేవారన్నమాట. నాకూ చెప్పలేదు, షావుకారు గారికీ చెప్పలేదు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గులో కూడా చేసిన మొదటి పని ఏమిటంటే, ఫైలు ఇంటికి పట్టుకెళ్లి ఆయన దిద్దిన ప్రతి పేరునూ నా లిస్టులోకి ఎక్కించుకోవడం. సిలోను ఎక్కించాను. దుబాయ్ ఎక్కించాను. కొరియా ఎక్కించాను. నాలుగు రోజులు పట్టింది. ఆ తర్వాతే ఆయన ఎక్కడున్నారో కనుక్కున్నాను.

చిలకలూరిపేట అవతల హైవే పక్కన ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో, గేటు దగ్గర రేకుల షెడ్డులో ఉన్నారు. వచ్చే పోయే లారీల నంబర్లు రాసుకుంటున్నారు. చొక్కా మీద, కనుబొమల మీద దూది దుమ్ము. నన్ను చూసి స్టూలు జరిపి కూర్చోమన్నారు. కొరియా సరుకు ఆగిన సంగతి, నేను ఫైలు చూసిన సంగతి చెప్పాను.

"ఎందుకు చెప్పలేదు బాబాయి గారూ?"

"ఏం చెప్పాలమ్మా?"

"షావుకారు గారు అడిగారు కదా, తప్పులు పోతున్నాయా అని."

"పోవట్లేదన్నాను. పోలేదుగా." నా ప్రశ్న అర్థంకానట్టే చూశారు. "గేటు దాటని తప్పు తప్పెలా అవుతుందమ్మా? లోపలుండగా దిద్దటానికే గదా గుమాస్తాని పెట్టుకునేది. దిద్దిన ప్రతిదీ వెళ్లి చెప్పుకుంటే ఇక నేనెందుకు?"

"నాకైనా చెప్పాల్సింది."

"నువ్వు విసిగిపోయి ఉన్నావు. నీ తిప్పలు నీవి." అని ఆగి దగ్గారు. దగ్గు తేలిగ్గా ఆగలేదు. "ముప్ఫై ఏళ్లు మిరపఘాటులో కూర్చున్నా తుమ్మన్నా తుమ్మలేదు. ఈ దూది మాత్రం పడటం లేదమ్మా."

"నేను షావుకారు గారితో మాట్లాడతాను. ఫైలు చూపిస్తాను. మిమ్మల్ని పిలిపిస్తాను."

"పిలిస్తే వస్తాలే" అన్నారు. గభాలున లేచి, వచ్చిన లారీ నంబరు రాసుకుని వచ్చి కూర్చున్నారు. "కొరియా సరుకు వెళ్లిందా?" అని అడిగారు. తర్వాతి ఓడలో వెళ్లిందని చెప్పాను.

రెండు వారాలు పోయాక షావుకారు గారి ఆఫీసుకి వెళ్లాను. ముందు ఎందుకు వెళ్లలేదంటే చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. రేపు, ఎల్లుండి అనుకున్నాను. ఫైలు సంచిలో పెట్టుకుని వెళ్లాను. ఏం మాట్లాడాలో బండి మీద వస్తూ రెండుసార్లు అనుకున్నాను. గుమాస్తా గారు లేకపోతే ఈ ప్రోగ్రాం మొదటి నెలలోనే మునిగిపోయేది సార్, ఇది చూడండి, అని మొదలుపెట్టాలనుకున్నాను.

షావుకారు గారు మంచి హుషారుగా ఉన్నారు. ఆ రెండు వారాల్లో ఒక్క తప్పు రాలేదు. సిలోను అని కొట్టినా ఎల్‌కే వస్తోంది, దుబాయ్ అని కొట్టినా ఏఈ వస్తోంది. వాళ్ల బావగారికి కూడా ఇలాంటి ప్రోగ్రామే కావాలట, నా పేరు చెప్పారట. గుమాస్తా గారి కుర్చీలోనే కూర్చుని ఉన్నారు. నేను సంచి జిప్పు తీశాను. ఫైలు అంచు చేతికి తగిలింది. అది బయటికి తీస్తే, ఆ నెలరోజులూ ఒక్క కంప్లయింటు లేదని ఇదే గదిలో నేనన్న మాట కూడా దాంతోపాటే బయటికి వస్తుంది. బావగారి పని సంగతి ఆ తర్వాత ఏమవుతుందో కూడా ఆలోచించాను. అది కూడా ఆలోచించాను.

ఆయన కంప్యూటర్ తెర నా వైపు తిప్పారు.

"చూశావామ్మా, ఆయన లేకపోయినా నడుస్తోంది."

"అవునండి" అన్నాను.