తోటకు పోయే నీళ్ళు

"ఈ పొద్దు గూడా తోట నీళ్ళు ఆడపిల్లల పక్కకి తిప్పినాను. ఎవురన్నా అడిగితే తెల్దు అను."

"బాత్రూములు కడిగేదాన్ని నన్నెవురు అడుగుతారయ్యా? పో, టీ చల్లారిపోతాది."

నేనూ నా మొగుడూ చివరగా మాట్లాడుకున్నది ఇంతే. టీకి పోయిన మనిషి క్యాంటీను మెట్ల మీదే కూలిపోయాడు.

హోసూరు దగ్గర ఆ కాలేజీలో ఆయన మోటారు నడిపేవాడు, నేను ఆడపిల్లల బాత్రూములు కడిగేదాన్ని. ఇప్పటికీ కడుగుతున్నాను. బోరులో వచ్చేదే కాసిన్ని నీళ్ళు. అవి ముందు గేటు దగ్గరి తోటకే పోవాలని ఆఫీసు ఆర్డరు. ఆయన మాత్రం చప్పుడు లేకుండా వాల్వు తిప్పేసేవాడు. ఆయన పోయాక వచ్చినవాడు చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. గేటు దగ్గర గడ్డి పచ్చగా ఉంది. బాత్రూములో కొళాయి తిప్పితే గాలి బుస్సుమంటుంది. సంపులోంచి బకెట్లు మోసి మోసి నా నడుము పడిపోయింది, కంపు మాత్రం పోలేదు.

తళి నుంచి బస్సులో వచ్చే పిల్లలు పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు తాగరు. తాగితే పోవాలి, పోతే నీళ్ళుండవు. నేను చెప్తుంటే ఇది రాసిపెడుతున్న పిల్ల, మా తమ్ముడి కూతురూ అంతే. ఒంటికి పోయేటప్పుడు మంట, ఆపైన జ్వరం. కృష్ణగిరిలో డాక్టరమ్మ "నీళ్ళు తాగవా?" అంటే పిల్ల కాలేజీ బాత్రూముల సంగతి చెప్పింది. తమ్ముడికి కోపం వచ్చింది.

"చదువూ ఒద్దు, ఏమీ ఒద్దక్కా. ఈ నెల చూస్తా, మారకపోతే మానిపిస్తా."

ఆఫీసుకు పోయి మేనేజరును అడిగాను.

"తోట ఎండిపోతే కాలేజీ తనిఖీకి వచ్చే టీమువాళ్ళు ఏమనుకుంటారమ్మా?"

"పిల్లోళ్ళు ఎండిపోతే ఏమీ అనుకోరా సార్?"

"టీము వచ్చే రోజు అన్ని బాత్రూముల్లో నీళ్ళు ఇడుస్తాము కదా."

"అట్లయితే ఆ టీమునే దినామూ రమ్మనండి సార్. మా పిల్లోళ్ళకు దినామూ వస్తాది."

ఆయన నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. తల్లిదండ్రుల మీటింగులో అందరికీ వినబడేట్టు చదివించాలని ఇదంతా చెప్పి రాయిస్తున్నాను. నెలసరి రోజుల్లో ప్యాడ్ మార్చుకుని చేతులు కడుక్కోను నీళ్ళు లేక, సగం మంది పిల్లలు కాలేజీకే రావడం లేదు. ఈ మాట దగ్గర మా పిల్ల పెన్ను ఆగింది.

"అది ఒద్దత్తా. మొగోళ్ళంతా ఉంటారు, సిగ్గు."

"సిగ్గు నీకెందుకే? నీళ్ళియ్యనోళ్ళకు ఉండాల. రాయి."

"రాసినాలే."

"యాడ? నాకు అచ్చరాలు తెలవవని ఇడిసిపెట్టినావేమో. మొదట్నుంచీ చదువు పాపా, ఇంటాను."