గాలి చూసి నడిచే కోడలు

గాలి ఎటు వీస్తోందో చూడనిదే ఎదురింటి కోడలు వీధి మలుపు తిరిగేది కాదు. చున్నీ అంచు ఎత్తి పట్టుకుని చూసేది. పెప్పర్ స్ప్రే ఎదురుగాలిలో కొడితే మంట మన కళ్ళకేనట. అది కొనకముందు, తట్టాంచావడి ఫ్యాక్టరీ నుంచి వచ్చి బస్సు దిగిన ఆమెను ఇంటికి చేర్చింది నేనూ, నా చేతికర్రా.

"ఇదుండాది గదా మామా, మీకేల శ్రమ?" అంది.

అరచేతిలో ఇమిడే డబ్బాకు నా పెద్దరికం లోకువా! దాన్ని దాయాదిని చూసినట్టు చూస్తూ, పట్టుబట్టి వెంట నడిచాను.

ఒక సాయంత్రం తాగుబోతొకడు అడ్డం వచ్చాడు. నేను కర్ర ఎత్తి ముందుకురికాను. ఆమె డబ్బా తీసి అరిచింది: "యాడ నిలబడినారు మామా? గాలి మీ పక్కకే కొడతాంది, నా ఎనక్కి రాండి!"

వాడు నా కర్రను లెక్కచేయలేదు. డబ్బాను చూసి పరుగెత్తాడు. అప్పటికే నేను ఆమె వెనక ఉన్నాను.