బావకు పోసిన నెగ్రోనీ

మూడు గంటలకు వీడియో కాల్. రెండున్నరకు కరెంటు పోయింది. తలుపు తీస్తే ఉన్న చల్లదనం కూడా పోతుందని తెలిసినా ఫ్రిజ్ నాలుగుసార్లు తీసి చూశాను. టిఫిన్ డబ్బాలో గడ్డకట్టించిన మంచు ఇంకా గట్టిగానే ఉంది. నేనే కరిగిపోతున్నాను.

దుబాయిలో ఆరేళ్లు ఒక హోటల్ బార్‌లో పనిచేశాను. ఆ బార్ మూతపడ్డాక ఆర్మూర్‌కు వచ్చి ఎనిమిది నెలలైంది. దుబాయిలోనే కొత్తగా తెరవబోతున్న ఒక ఇటాలియన్ రెస్టారెంట్ వాళ్లు, కెమెరా ముందు నెగ్రోనీ చేసి ఎవరికైనా అందించి చూపించమన్నారు. భోజనానికి ముందు ఆకలి పుట్టాలని ఇటలీవాళ్లు తాగే కాక్‌టెయిల్ అది. ఈ ఉద్యోగం రాకపోతే ఇక్కడే ఉండిపోవాలి. ఉండిపోవడం నాకు చేతకాదని అప్పటికే తేలిపోయింది. పసుపు మార్కెట్‌కు పోయి నిలబడినా నా చేతులు ఊరుకునేవి కావు. టీ గ్లాసులో చెంచా వేసి తిప్పుతూనే ఉండేవాణ్ని.

అందించడానికి మనిషి కావాలి కదా. నందిపేట్ దగ్గర పసుపు పండించే మా బావ, అంటే అక్క భర్త, ఆ రోజు మార్కెట్‌కు వచ్చాడు. పట్టుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను.

"ఏందిరా, కాలుగాలిన పిల్లి లెక్క గట్ల తిరుగుతున్నవ్? జర కూసో," అన్నాడు.

"నేను కూసుంటే పని గాదు బావా. నువ్వైతే కదలకు."

కాల్ వచ్చింది. ఫోన్ తెర మీద రెస్టారెంట్ వాళ్లు ఇద్దరు. ఎదురుగా ఉన్నాయన మీ గెస్ట్, బార్‌లో ఎలా ఉంటారో అలాగే ఉండండి అన్నారు.

జిన్ను, వెర్మూత్ అనే తియ్యటి మూలికల వైను, ఎర్రటి చేదు మందు మూడూ సమానం. కొలత గ్లాసు లేక పిల్లల దగ్గు మందు మూతతో కొలిచాను. కుదపకూడదు, మంచు మీద నిదానంగా తిప్పాలి. నిదానం అనే మాటకు ఆ రోజు నాకు అర్థం తెలియలేదు కానీ, చెయ్యి దానంతటదే తిరిగింది. సంత్ర తొక్క పల్చగా చిరిగిపోతుందని బత్తాయి తొక్క కోసి, గ్లాసు మీద మెలితిప్పి వేశాను. బాగా కుదిరింది. నాకే గర్వంగా అనిపించింది.

గ్లాసు బావ ముందు పెట్టాను. ఆయన వేలు ముంచి, అమ్మవారి పేరు మీద మూడు చుక్కలు నేల మీద చల్లాడు. తర్వాత పక్కనున్న ఖాళీ గ్లాసు అందుకుని, అందులో సగం వంచి నా వైపు జరిపాడు. నాకు మొదటిసారి కల్లు పోసింది ఆయనే. ఆనాటి నుంచి ఆయన తాగేదాంట్లో సగం నాది.

"పట్టు. నువ్వు ముట్టందే నేనెట్ల తాగుతరా?"

తెర మీద ఇద్దరూ చూస్తున్నారు. పనిలో ఉన్నవాడు గెస్ట్‌తో కలిసి తాగితే ఉద్యోగం అక్కడికే సరి. చేతులు వెనక్కి కట్టుకుని, హోటల్‌లో నేర్చిన నవ్వొకటి నవ్వి, "సారీ సర్, డ్యూటీలో తాగం సర్," అన్నాను.

బావ నా ముఖం వంక చూశాడు. ఎవర్నో పోల్చుకుంటున్నట్టు చూశాడు. తన సగం గటగటా తాగేసి కండువాతో మూతి తుడుచుకున్నాడు. తెర మీద వాళ్లు మాత్రం "పర్ఫెక్ట్" అన్నారు. కాల్ అయిపోయాక పట్టలేని సంతోషంతో బావను వాటేసుకున్నాను.

"మంచిగైంది," అన్నాడు. నా సగం గ్లాసు బల్ల మీదే ఉంది. దాన్ని ఆయన మళ్లీ నా వైపు జరపలేదు. బండి తీసుకుని వెళ్లిపోయాడు. అప్పుడు కూడా నాకు బుర్రకెక్కలేదు, వీసా ఎప్పుడొస్తుందా అనే ఆలోచిస్తున్నాను.

విమానానికి రెండు రోజుల ముందు అక్క వాళ్లింటికి భోజనానికి పోయాను. బావ కల్లు తెప్పించాడు. నేను అలవాటుగా ఆయన గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాను. ఆయన అక్కను పిలిచి, చుట్టాలకు తీసే కొత్త గ్లాసు తెప్పించి, అంచుదాకా పోసి నా ముందు పెట్టాడు.

"బావా, నీదాంట్లకెల్లి జర పొయ్యవా?" అన్నాను.

"నీకు నిండ పోసిన గద," అన్నాడు, ఎంతో మర్యాదగా.